గుంట ఉండాల్సిన చోట గుట్ట

మాది చిత్తూరు. ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో అయిదు గంటలకల్లా వాకిళ్ళన్నీ తడిసి ఉంటాయి. ఎదురింట్లో తమిళం మాట్లాడతారు. వాళ్ళు మార్గళి అంటారు, మేం ధనుర్మాసం అంటాం, ముగ్గులు మాత్రం ఇద్దరివీ ఒకటే. సరిగ్గా ఏడాది కింద, 2023 డిసెంబర్ 27 తెల్లవారుజామున, నేను మెలికల ముగ్గు వేస్తున్నాను. 15 చుక్కలు, మధ్య చుక్క, 8 దాకా. చుక్కలన్నీ పెట్టి నడుం ఎత్తేసరికి గాలి లేచి ముగ్గుపిండి కుడికంట్లో పడింది. కొంగుతో ఆ కన్ను అదుముకుని ఎడమకంటితో ముగ్గు వైపు చూశాను.

నడిమి వరసలో నాలుగైదు చుక్కలు లేవు.

చెరిగిపోయాయేమో అని కుడికన్ను తెరిచాను. అన్నీ ఉన్నాయి. మళ్ళీ మూశాను. పోయాయి. చూపు నిలిపిన చోటి నుంచి కిందికి, ముక్కు వైపుకి, పొయ్యి మీద పాత్రకు మసి పట్టినట్టు ఒక బూడిదరంగు మసక. దాని అంచున ఉన్న చుక్కలు వరసలో నిలబడకుండా కిందికి జారి ఉన్నాయి. నేను లెక్కల టీచర్ని, 26 ఏళ్ళుగా బోర్డు మీద సరళరేఖలు గీస్తున్నదాన్ని. తిన్నగా పెట్టిన వరస వంకరగా కనిపిస్తే, వంకర ఎక్కడుందో నాకు ఆ నిమిషమే తెలియాలి. తెలియలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. నొప్పే లేనప్పుడు ఏముంటుందిలే అనుకుని, రెండు కళ్ళూ తెరిచి ముగ్గు పూర్తి చేసి బడికి పోయాను.

ఆ తర్వాత 23 రోజులు నేను చేసిన పనులు రాయడానికి కష్టంగానే ఉంది, కానీ ఇదంతా రాస్తున్నదే వాటికోసం. ముందు, శుక్లం మొదలైందేమో అనుకున్నాను. మా వదిన, "నందివర్ధనం పూలు కండ్ల మీద పెట్టుకో, చలవ చేస్తుంది" అంటే నాలుగు రాత్రులు పెట్టుకున్నాను. పూలు చల్లగానే ఉన్నాయి, మసక అలాగే ఉంది. తర్వాత ఊళ్ళో ఒక కళ్ళద్దాల షాపులో కంప్యూటర్ టెస్టు చేయించుకున్నాను. ఎడమకంటితో ఏ అద్దం పెట్టినా కింది వరస చదవలేకపోయాను. అద్దాలకు లొంగని చూపును డాక్టరుకు చూపించాలని చెప్పాల్సిన మనిషి, "పవర్ మారింది మేడం" అని కొత్త కళ్ళజోడు అమ్మాడు. ఆ కళ్ళజోడు అలవాటు కావడానికి టైం పడుతుందని చెప్పబట్టి ఇంకో పది రోజులు ఎదురుచూశాను.

కనుమ నాడు మా తమ్ముడు వచ్చాడు. మాటల్లో చెప్పాను. వాడు గోడ మీది క్యాలెండర్ చూపించి, "అక్కా, కుడికన్ను మూసి తేదీ ఎంతో చదువు" అన్నాడు.

"ఒకటి తెలస్తా ఉండాది. పక్కన సున్నానో ఆరో."

"సున్నానో ఆరో తెలీలేదా? అంత పెద్ద అంకె! ఈ వారమే తిరుపతికి పోతా ఉండాం."

చిత్తూరు వాళ్ళకు పెద్ద జబ్బంటే వేలూరు. దగ్గర కూడా. కానీ తమ్ముడి స్నేహితుడికి తెలిసిన రెటీనా డాక్టరు, అంటే కంటి లోపలి తెరను చూసే డాక్టరు, తిరుపతిలో ఉన్నారు, అందుకని శుక్రవారం పొద్దున్నే నేను, మా ఆయన, తమ్ముడు బస్సెక్కాం. పూతలపట్టు దాటాక మంచు. ఒక కన్ను మూసి కొండలు చూస్తూ, ఇంకో కన్ను మూసి చూస్తూ పోయాను.

ఆసుపత్రిలో ముందు తెలుగు అక్షరాల బోర్డు చదివించారు. ఎడమకంటికి ప, వ, ష, ఘ అన్నీ ఒకటే అక్షరం. చూపు 6/36 అని రాశారు. అంటే మామూలు కన్ను 36 మీటర్ల దూరం నుంచి చదివేది నేను 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలను. తర్వాత నర్సమ్మ బీపీ చూసింది, ఏమీ మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. 178/104.

కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి, ముప్పావుగంట తర్వాత డాక్టరమ్మ లోపల చూశారు. "కంటి నరం బ్లాక్ అయిందమ్మా" అన్నారు. ఆ మాటకు మా ఆయన ముఖం మాడిపోయింది. బడిలో మా బయాలజీ టీచర్ ధమని, సిర, నాడి అని మూడు వేరువేరు పాఠాలు చెప్తుంది. ఇంటికొస్తే మనకు మూడూ నరమే. చేతి మీద ఉబ్బినదీ నరమే, తిమ్మిరెక్కినదీ నరమే. ఈ ఒక్క మాట వల్ల తర్వాత ఎంతమంది నాకు నరాల బలహీనతకు బిళ్ళలు తెచ్చిచ్చారో! బీ-కాంప్లెక్సు ఒక డబ్బా నిండింది. నాకు మూసుకుపోయింది చూపును మెదడుకు మోసే నాడి కాదు. రెటీనా నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిర. ఇంగ్లీషులో దీన్ని రెటీనల్ వెయిన్ అక్లూజన్ అంటారు. బంధువులకు చెప్పేటప్పుడు ఇప్పుడు నేను "కంట్లో రక్తనాళం పూడుకుపోయింది" అనే అంటున్నాను.

డాక్టరమ్మ నా చీటీ వెనకే బొమ్మ గీసి చెప్పారు. రెటీనాలో ధమనులు, సిరలు ఒకదాని మీదుగా ఒకటి దాటే చోట్లు ఉంటాయి. ఆ దాటే చోట రెండింటికీ కలిపి ఒకటే తొడుగు. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ధమని గోడ గట్టిపడి మందమవుతుంది. ఒకే తొడుగులో పక్కనున్న సిర మెత్తనిది, ఒత్తుకుపోతుంది. ఇరుకైన చోట రక్తం సుడి తిరుగుతుంది, సిర లోపలి పొర దెబ్బతింటుంది, గడ్డ కడుతుంది. ఒక కొమ్మ మాత్రమే మూసుకుంటే ఒక రకం, ఇదే ఎక్కువమందికి వస్తుంది. కొమ్మలన్నీ కలిసే పెద్ద సిరే మూసుకుంటే ఇంకో రకం, దాని తీవ్రత ఎక్కువ. నాకు ఎడమకంట్లో పైన, చెవి వైపు కొమ్మ. అందుకే నాకు కింద, ముక్కు వైపు మసక. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా.

మా ఆయన బెల్లం మండీలో లెక్కలు రాస్తారు, చెరుకు పొలం మధ్య పుట్టిన మనిషి. ఆయన బొమ్మను కాసేపు చూసి, "కాలవకు అడ్డం పడితే పైనున్న మడి మునగదా? అంతే గదమ్మా" అన్నారు. డాక్టరమ్మ అదే అన్నారు. రక్తం పోయే దారి లేక వెనక ఒత్తిడి పెరిగి సన్ననాళాల నుంచి రక్తం, నీరు ఊరుతాయి. ఫోటోలో నా రెటీనా పైభాగమంతా ఎర్రగా మంటల నాలుకల్లాంటి చారలు.

ఆ తర్వాత ఓసీటీ స్కాన్. రెటీనాను నిలువునా కోసి చూపినట్టుండే బొమ్మ అది. మామూలు కంట్లో చూపుకు కేంద్రమైన మాక్యులా మధ్యలో ఒక చిన్న గుంట ఉంటుంది. నా కుడికంటి బొమ్మలో ఆ గుంట అందంగా, సౌష్ఠవంగా ఉంది. ఎడమకంటి బొమ్మలో గుంట ఉండాల్సిన చోట గుట్ట ఉంది. నీరు చేరి ఉబ్బింది. మందం 250 మైక్రాన్ల చుట్టుపక్కల ఉండాలట, నాకు 520. మిల్లీమీటరులో సగం. ఆ సగం మిల్లీమీటరు నా 15 చుక్కల ముగ్గును చెరిపేసింది. నేను ఆ స్క్రీన్ ముందు చాలాసేపు కదల్లేకపోయాను. గ్రాఫు గీసి చూపిస్తే తప్ప నాకు ఏదీ నమ్మకం కుదరదు, అదేమో గ్రాఫే.

"బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. నాలుగేళ్ళ కింద మొదలుపెట్టాను, కాళ్ళు వాస్తున్నాయని ఏడాదిన్నర కింద ఆపేశాను. ఆ మాత్ర అమ్లోడిపిన్. దానివల్ల కొందరికి చీలమండలు వాస్తాయి, ఆ మాట వెళ్ళి చెప్పి ఉంటే వేరే మందు మార్చి రాసేవాళ్ళు. నేను చెప్పలేదు. తలనొప్పి లేదు, తల తిరగడం లేదు, ఇక బీపీ ఎక్కడుందిలే అనుకున్నాను. డాక్టరమ్మ కోప్పడలేదు. కంటికి చేయాల్సింది తను చేస్తానని, బీపీ దారికి రాకపోతే రెండో కన్ను కూడా పోటీకి వస్తుందని మాత్రం చెప్పారు. షుగరు, కొలెస్టరాల్, కిడ్నీ పరీక్షలు రాశారు. కంట్లో ఒత్తిడి కూడా కొలిచారు, గ్లకోమా (కంట్లో ఒత్తిడి వల్ల చూపు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళకు, పొగ తాగేవాళ్ళకు కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువట. చిన్న వయసులో వస్తే రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువుందేమో, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరిగిందేమో కూడా చూస్తారట. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం తర్వాత, రెటీనా రక్తనాళాల జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదేనని ఆ పొద్దే తెలిసింది. నేను దీని పేరు కూడా విని ఉండలేదు.

తమ్ముడు, "గుండెకు స్టెంటు వేసినట్టు కంటికి వేయరా?" అని అడిగాడు. వేయరు. వెంట్రుకంత నాళం అది. ఆ గడ్డను తీసే మందు లేదు, కంట్లో వేసుకునే ఏ చుక్కలూ దాన్ని కరిగించవు. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పారు. చేయగలిగింది ఊటను ఆపడం. నీరు తగ్గి మాక్యులా నిలబడితే, ఈలోపు శరీరమే చిన్నచిన్న పిల్లకాలవలు తవ్వుకుంటుంది. మూసుకున్న చోటును చుట్టి రక్తం వేరే దారిన పోవడం మొదలవుతుంది.

ఊటను ఆపేదానికి కంట్లోకి ఇంజెక్షన్. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది. నాళాలు కారడానికి అదే కారణం, కొత్త నాళాలు పిచ్చిగా మొలవడానికీ అదే. మందు ఆ పదార్థాన్ని పట్టేస్తుంది. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్‌సెప్ట్ అని మూడు పేర్లు చెప్పారు. ధరల్లో చాలా తేడా ఉంది. మొదటిది చవక, ఎందుకంటే అది అసలు పెద్దపేగు క్యాన్సర్ కోసం 2004లో అమెరికాలో అనుమతి పొందిన మందు. ఆ పెద్ద సీసాను శుభ్రమైన చోట చిన్నచిన్న మోతాదులుగా విడగొట్టి కంటికి వాడతారు. మా ఆయన ఫోన్లో ఆ పేరు కొట్టి చూసి, "క్యాన్సర్ మందంట, మనకొద్దు" అని లేచి నిలబడ్డారు. కంటికి ఇచ్చేది 0.05 మిల్లీలీటరు, ఒక చుక్కంత. పెద్ద సిర మూసుకున్నవాళ్ళకు ఈ చవక మందు ఖరీదైన అఫ్లిబెర్‌సెప్ట్‌కు ఆరు నెలల్లో ఏమీ తీసిపోలేదని 2017లో అమెరికాలో తేల్చారని డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. ఇవి పనిచేయనివాళ్ళకు స్టెరాయిడ్ ఉన్న సన్నటి కడ్డీ కంట్లో పెడతారు, కొన్ని నెలలు పనిచేస్తుంది, కానీ కంటి ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం త్వరగా రావచ్చు. నేను బెవాసిజుమాబ్‌కు సరేనన్నాను.

కంట్లో సూది అనగానే ఎవరికైనా వెన్ను జలదరిస్తుంది, నాకూ అంతే. అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను. మత్తుచుక్కలు మూడుసార్లు వేశారు. పసుపుపచ్చ అయోడిన్ మందుతో రెప్పలు, వెంట్రుకలు తుడిచి, కంట్లో కూడా వేశారు. మంట అంటే అదొక్కటే మంట. ముఖం మీద గుడ్డ కప్పి, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టారు. నల్లగుడ్డు అంచు నుంచి 4 మిల్లీమీటర్లు కొలిచి తెల్లగుడ్డు మీద గుర్తు పెట్టారు, కొలిచే పరికరం మా జామెట్రీ బాక్సులో డివైడర్ లాంటిదే. "కాళ్ళ వైపు చూడండమ్మా, కదలొద్దు" అన్నారు. వేలితో నొక్కినట్టు ఒక ఒత్తిడి. అయిపోయింది. నేను పెద్దబాలశిక్షలో పద్యం మనసులో మొదలుపెట్టి రెండో పాదం కూడా దాటలేదు. వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారు. మూడు. బయటికొచ్చాక చూపు అడుగున రెండు నల్లపూసలు దొర్లుతూ కనిపించాయి. మందుతో పాటు లోపలికి పోయిన గాలిబుడగలు అవి. గాలి కదా, కంట్లో పైకే తేలుతుంది, బొమ్మ తలకిందులు కాబట్టి కింద కనిపిస్తుంది. మర్నాటికి పోయాయి. తెల్లగుడ్డు మీద కుంకుమబొట్టంత ఎరుపు వారం ఉంది. అది భయపడాల్సినది కాదు. నొప్పి పెరిగి, ఎరుపు పెరిగి, చూపు తగ్గితే మాత్రం రాత్రి అని చూడకుండా రమ్మన్నారు. ఇన్‌ఫెక్షన్ అరుదు, వస్తే గంటలు లెక్క.

జనవరి, ఫిబ్రవరి, మార్చి. నెలకొకటి. మూడో ఇంజెక్షన్ తర్వాత గుట్ట 274కి దిగింది. చూపు 6/12. ప కి, ష కి తేడా తెలిసింది. ఆ పొద్దు ఆనందం నేను మాటల్లో పెట్టలేను.

ఆ ఆనందమే నన్ను ముంచింది. ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్, ఆ వెంటనే ఎన్నికల శిక్షణ. బాగా కనిపిస్తోంది కదా, ఒక నెల ఆగితే ఏమవుతుందని రెండు నెలలు పోలేదు. మే 13న పోలింగ్ బూత్‌లో ఓటర్ల జాబితా నా ముందుంది. మధ్యాహ్నం దాటాక పేర్ల వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టనిపించాయి. ఎండ, అలసట అనుకున్నాను. ఆగి, కుడికన్ను మూసి చూశాను. డిసెంబర్ నాటి బూడిద మళ్ళీ అదే చోట ఉంది. బయట ఓటర్లు నిలబడి ఉన్నారు, నేను ఏడవలేను. కుడికంటితోనే సాయంత్రం దాకా జాబితా చూశాను. నెలాఖరులో తిరుపతికి పోతే స్కాన్‌లో 438.

డాక్టరమ్మ అప్పుడు చెప్పిన మాట నాకు ముందే అర్థమై ఉంటే బాగుండేది. మందు కంట్లో కొన్ని వారాలే ఉంటుంది. గడ్డ అక్కడే ఉంది, రక్తం పోయే పిల్లకాలవలు ఇంకా సరిగ్గా ఏర్పడలేదు, కాబట్టి మందు అయిపోతే ఊట మళ్ళీ మొదలవుతుంది. మే, జూన్, జూలై మళ్ళీ నెలకొకటి. తర్వాత సెప్టెంబర్, ఆ తర్వాత నవంబర్. ఎడం పెంచుకుంటూ పోతున్నారు. మొత్తం 8. ఇప్పుడు మందం 268, చూపు 6/9. మధ్యలో ఒకసారి చేతి సిరలోకి పసుపురంగు మందు ఎక్కించి యాంజియోగ్రామ్ కూడా తీశారు. ఒంటికి పసుపు తిరిగింది, మూత్రం ఒకరోజంతా పచ్చగా వచ్చింది. రక్తం అందని భాగం పెద్దదిగా లేదని తేలింది, కాబట్టి లేజర్ అవసరం పడలేదు.

లేజర్ అంటే మా పెద్దమ్మ గుర్తొస్తుంది. పలమనేరులో ఉండేది. 1990ల చివర్లో ఆమెకు ఒక పొద్దున లేచేసరికి ఒక కన్ను మొత్తం మసకైంది. నొప్పి లేదని ఊరుకుంది. మూడు నెలల తర్వాత ఆ కన్ను ఎర్రగా అయి భరించలేని నొప్పి, తల గోడకు కొట్టుకునేది. చూపు తిరిగి రాలేదు. ఇదంతా చెబితే డాక్టరమ్మ, కాగితాలు చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, పెద్ద సిర మూసుకుని రక్తం అందకపోతే సరిగ్గా ఇలాగే జరుగుతుంది అన్నారు. కంటి ముందుభాగంలో కొత్తనాళాలు మొలిచి నీరు పోయే దారిని మూసేస్తాయి, ఒత్తిడి పెరిగిపోతుంది. దాన్ని వంద రోజుల గ్లకోమా అని కూడా అంటారట. కొత్తనాళాలు కనిపించగానే రెటీనాకు లేజర్ చేస్తే ఆపొచ్చు. కొమ్మ మూసుకున్నవాళ్ళకు మాక్యులా వాపుకు లేజర్ మేలు చేస్తుందని 1984లోనే తేలింది. పెద్ద సిర మూసుకున్నవాళ్ళ వాపుకు మాత్రం దానితో చూపు మెరుగుపడలేదని 1995లో తేలింది. ఈ ఇంజెక్షన్ల కాలం 2010 చుట్టుపక్కల మొదలైంది. పెద్దమ్మ కన్ను ఎర్రబడేసరికి ఇంజెక్షన్లు లేవు, లేజర్ ఉంది. ఆమెకు నొప్పి లేకపోవడమే శత్రువైంది. నాకూ అదే అయ్యుండేది.

ఇంట్లో కొన్ని మారాయి. బీపీ మాత్ర మార్చారు, కాళ్ళు వాయడం లేదు, రోజూ రాత్రి సంగటి తిన్నాక వేసుకుంటున్నాను. అప్పడం, ఊరగాయ తగ్గించాను. ఆవకాయ మానడం కష్టంగా ఉంది, వారానికొకసారికి తెచ్చాను. తమ్ముడికి 44 ఏళ్ళు, వాడి బీపీ చూపిస్తే 150/96. వాడు కూడా మందు మొదలుపెట్టాడు. ఫ్రిజ్ మీద గళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం అంటించాను, మధ్యలో ఒక చుక్క. పొద్దున కాఫీ పెట్టేటప్పుడు ఒక కన్ను మూసి చుక్కను చూడాలి, గళ్ళు వంగుతున్నాయేమో గమనించాలి. తర్వాత ఇంకో కన్ను. పది సెకన్ల పని. రెండు కళ్ళూ కలిసి చూస్తే మంచి కన్ను చెడ్డ కన్ను తప్పును కప్పేస్తుంది, అందుకే ఒక్కొక్కటిగా. మా పదో తరగతి పిల్లలకు ఆ కాగితాలు ఇచ్చి, ఇంట్లో నలభై దాటినవాళ్ళకు చూపించి రమ్మన్నాను. ఒక అమ్మాయి మర్నాడు వచ్చి, "టీచర్, మా జేజికి ఒక కంటికి గళ్ళే కనపడ్లేదు" అంది. ఆమెకు ముదిరిన శుక్లం. ఆపరేషన్ అయింది.

ఈ ఏడూ ధనుర్మాసం వచ్చింది. ఇవాళ మళ్ళీ అదే ముగ్గు, 15 చుక్కలు, మధ్య చుక్క, 8 దాకా. కుడికన్ను మూసి చూశాను. చుక్కలన్నీ ఉన్నాయి. నడిమి వరసలో కుడి నుంచి ఆరోది మాత్రం కొంచెం కిందికి దిగి ఉంది, అది అలాగే ఉండిపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఫిబ్రవరి మొదటి వారంలో మళ్ళీ స్కాన్. సెలవుచీటీ ఇప్పుడే రాసి హెడ్‌మాస్టరుగారి టేబుల్ మీద పెట్టేశాను.